దిగుడులోనే ఉంది రేసు: కోరాపుట్ కొండల నుంచి ఎం.టి.బి. (మౌంటెన్ బైక్) పోటీలకు వెళ్ళేవాళ్ళకు

మా జయపురం, కోరాపుట్ కుర్రాళ్ళకు కొండెక్కడం ఎవరూ నేర్పక్కర్లేదు. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి దాకా లోడు లారీల పొగ పీలుస్తూ తొక్కినవాడికి ఏ రేసులో ఎక్కుడైనా పెద్ద బెంగ కాదు. మనవాళ్ళు దెబ్బతినేది వేరే మూడు చోట్ల. స్టార్ట్ అయిన మొదటి పది నిమిషాల్లో, దిగుడులో, కడుపులో. శిక్షణ మొత్తం కాళ్ళకే పెట్టి ఈ మూడింటినీ వదిలేస్తారు.

నాది జయపురంలో సైకిల్ షాపు. నాన్న కాలంలో హీరో, అట్లాస్ బళ్ళకు పంక్చర్లు వేసేవాళ్ళం. ఇప్పుడు వాటితోపాటు హైడ్రాలిక్ బ్రేకులు, ట్యూబ్‌లెస్ టైర్లు కూడా చూస్తాను. ఒకప్పుడు రేసులు తొక్కాను, ఇప్పుడు తొక్కేవాళ్ళ బళ్ళు సిద్ధం చేసి పంపిస్తాను. షాపుకొచ్చే పిల్లల్లో సగం మంది ‘అన్నా’ అంటారు, సగం మంది ‘భాయినా’ అంటారు. పెద్ద రేసుకు వెళ్ళాలంటే ఏం చేయాలని అందరూ అడుగుతారు. వాళ్ళకు విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

ముందు ఏ రేసో తేల్చుకోండి. ఒలింపిక్స్‌లో 1996 నుంచి ఉన్నది క్రాస్ కంట్రీ, ఎక్స్.సి.ఓ. అంటారు. నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల చుట్టు ఉంటుంది, దాన్నే మళ్ళీ మళ్ళీ తిరగాలి. పెద్దవాళ్ళ విభాగంలో సుమారు గంటన్నరలో తేలిపోతుంది. మారథాన్ అయితే 60 నుంచి 160 కిలోమీటర్లు. స్టేజ్ రేసు రోజుల తరబడి సాగుతుంది. దక్షిణాఫ్రికాలో 2004లో మొదలైన కేప్ ఎపిక్‌లో ఇద్దరిద్దరు జట్టుగా ఎనిమిది రోజులు తొక్కాలి, జతగాడికి రెండు నిమిషాలకు మించి దూరమైతే పెనాల్టీ. మన దేశంలో షిమ్లా వైపు 2005లో మొదలైన ఎం.టి.బి. హిమాలయ కూడా రోజుల తరబడి సాగే రకమే. డౌన్‌హిల్ కొన్ని నిమిషాల ఆట. దానికి బండి వేరు, హెల్మెట్ వేరు, గుండె వేరు. దాని జోలికి నేను పోను.

నన్నడిగితే ఎక్స్.సి.ఓ.తో మొదలుపెట్టండి. చిన్న చుట్టు కాబట్టి ముందురోజే ప్రతి రాయినీ చూసుకోవచ్చు. కాకపోతే అందులో 80 శాతం నిబంధన ఒకటి ఉంది, తెలియకపోతే మనసు విరిగిపోతుంది. ముందున్నవాడు మొదటి చుట్టు 15 నిమిషాల్లో పూర్తిచేశాడనుకోండి. అందులో 80 శాతం అంటే 12 నిమిషాలు. మీరు అతనికంటే 12 నిమిషాలు వెనకబడితే అధికారి చెయ్యి చూపించి పక్కకు రమ్మంటాడు, మీ రేసు అక్కడితో సరి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు చాలామంది ఇలాగే బయటికొస్తారు, అందులో తలవంపులేమీ లేవు. కొత్తగా వెళ్ళేవాళ్ళు ముందు ఆ చెయ్యికి చిక్కకుండా ఆఖరి చుట్టు దాకా ఉండటాన్నే లక్ష్యంగా పెట్టుకోండి. పతకం సంగతి తర్వాత చూద్దాం.

జాతీయ పోటీలకు సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా లైసెన్సు కావాలి, రాష్ట్ర సంఘం ద్వారా వెళ్ళాలి. వయసును ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి లెక్కవేస్తారు. 17, 18 ఏళ్ళవాళ్ళు జూనియర్లు, 19 నుంచి 22 వరకు అండర్-23, ఆపైన ఎలీట్. మన సరిహద్దు ఇళ్ళలో ఇక్కడో తిరకాసు ఉంది. ఆధార్ ఒడిశాది, టెన్త్ సర్టిఫికెట్ విజయనగరంది, ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక, స్పెల్లింగ్ రెండు రకాలు. రేసు వారం ముందు టెన్షన్ పడేకంటే ఇప్పుడే ఆ కాగితాలన్నీ ఒక్క తీరుకు తెచ్చుకోండి.

బండి గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఎక్కువ చెబితే అప్పు చేస్తారు. వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్, 29 అంగుళాల చక్రాలు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉంటే మొదలుపెట్టడానికి చాలు. డబ్బు మిగిలితే ముందు మంచి టైర్లకు, తర్వాత డ్రాపర్ పోస్టుకు పెట్టండి. బొటనవేలితో మీట నొక్కితే సీటు కిందికి దిగిపోతుంది, దిగుడులో ఒంటికి చోటు దొరుకుతుంది. కార్బన్ ఫ్రేము ఆశ ఇప్పుడే వద్దు.

టైరు గాలి దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. షాపుకొచ్చే ప్రతి బండికీ నేను ముందు బొటనవేలితో టైరు నొక్కి చూస్తాను. పదింటికి ఎనిమిది రాయిలా ఉంటాయి. రోడ్డు మీద అలవాటుతో 40, 50 పి.ఎస్.ఐ. కొట్టించుకొస్తారు. గరప నేల మీద అంత గాలితో వెళితే టైరు నేలను పట్టుకోదు, ప్రతి గులకరాయి మీదా ఎగురుతుంది. అరవై, అరవైఅయిదు కిలోల మనిషికి ట్యూబ్‌లెస్ అయితే ముందు 20, వెనక 22 దగ్గర మొదలుపెట్టి, రిమ్ము రాయికి కొట్టుకుంటుంటే ఒక్కొక్కటే పెంచండి. ట్యూబు ఉంటే 28 కంటే తగ్గించకండి, రాయికి, రిమ్ముకి మధ్య ట్యూబు నలిగి పాము కోరల్లా రెండు చిల్లులు పడతాయి. గాలి మీటరు సొంతానిది కొనుక్కోండి. పంపు మీదున్న ముల్లును నమ్మొద్దు, ఒక్కో పంపుది ఒక్కో లెక్క. చిల్లులు పూడ్చడానికి ట్యూబ్‌లెస్‌లో పోసే ద్రవం, సీలెంటు, మన ఎండలకు తొందరగా ఎండిపోతుంది. రేసుకు వెళ్ళేముందు చక్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల జలజల వినపడకపోతే మళ్ళీ పోయండి.

ముందు ఫోర్కు, అంటే ముందు చక్రం సస్పెన్షన్ కూడా అంతే. పూర్తి సరంజామాతో బండెక్కి నిలబడితే ఫోర్కు తాను కుంగగలిగే మొత్తం దూరంలో 15 నుంచి 20 శాతం కుంగాలి. 100 మిల్లీమీటర్ల ఫోర్కయితే 15 నుంచి 20 మిల్లీమీటర్లన్నమాట. ఫోర్కు కాలికున్న రబ్బరు రింగును కిందికి తోసి, మెల్లిగా ఎక్కి దిగి, అది ఎంత పైకి జరిగిందో స్కేలు పెట్టి చూసుకుంటే సరిపోతుంది.

ఇక దిగుడు.

సునాబెడా కుర్రాడొకడు మా దగ్గరికి వచ్చేవాడు. దేవమాలి రోడ్డు మీద నాకు తెలిసినవాళ్ళెవరూ వాణ్ణి ఎక్కుడులో పట్టలేకపోయేవారు. ఒడిశాలో దేవమాలి కంటే ఎత్తైన శిఖరం లేదు, 1672 మీటర్లు. అలాంటివాడు రేసులో మాత్రం ప్రతి చుట్టులోనూ ఎక్కుడులో అయిదుగురిని దాటేవాడు, దిగుడులో ఆరుగురికి దారి ఇచ్చేవాడు. ‘బ్రేకు పట్టకుండా ఎలా దిగుతారన్నా వాళ్ళు?’ అనడిగాడు. పట్టకుండా ఎవడూ దిగడు. ఎక్కడ పట్టాలో తెలిసి దిగుతారు.

వాడితో చేయించిందే మీరూ చేయండి. ఒక మలుపు ఎంచుకోండి, ఒక్కటే. మాకు కాఫీ తోటల పక్క మట్టిదారిలో ఒకటుంది. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నుంచి నిటారుగా దిగి, ఎడమకు తిరుగుతుంది. మలుపు లోపలి అంచున వానకు కోసుకుపోయిన గాడి, బయటి అంచున రాలిన గులక, మధ్యలో చక్రమంత వెడల్పున గట్టి నేల. ముందు నడిచి వెళ్ళి ఆ గట్టి నేలను కాలితో తొక్కి చూడండి. మలుపుకు ముందు బ్రేకు పట్టాల్సిన చోట ఒక కర్ర గుచ్చండి. కర్ర దగ్గర రెండు బ్రేకులూ చూపుడు వేలితో గట్టిగా పట్టి వేగం తగ్గించాలి, మలుపులోకి చక్రం తిరిగేసరికి వేళ్ళు వదిలేయాలి. మలుపు మధ్యలో భయమేసి ముందు బ్రేకు పట్టారా, గరప మీద చక్రం జారిపోతుంది, మోచెయ్యి చెక్కుకుపోతుంది. అలాగని ముందు బ్రేకును వాడకుండా ఉండొద్దు. బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం దానిదే. వెనక బ్రేకు ఒక్కటే పట్టేవాడు దిగుడంతా జారుతూనే దిగుతాడు.

ఒళ్ళు ఎలా ఉండాలంటే, సీటు మీంచి లేచి, పెడళ్ళు నేలకు సమంగా పెట్టి, మడమలు కిందికి దించి, మోచేతులు వంచి బయటికి ఉంచాలి. బరువంతా కాళ్ళలో ఉండాలి. హ్యాండిల్‌కు కోడిపిల్లను పట్టుకున్నంత పట్టు చాలు. మలుపులో బయటివైపు పెడల్ కిందికి వెళ్ళాలి. చూపు చక్రం ముందున్న రాయి మీద ఉంటే బండి ఆ రాయికే వెళుతుంది. చూపును మలుపు దాటి అవతలికి పంపండి. మనవాళ్ళకు ఇదే చాలా కష్టం, గుంతల రోడ్ల మీద చక్రం ముందే చూస్తూ పెరిగాం మరి.

ఆ ఒక్క మలుపునూ ఒక పూటలో పదిహేను, ఇరవై సార్లు దిగండి. మర్నాడు కర్రను మలుపు వైపు ఒక అడుగు జరపండి. వారంలో ఒక రోజు పూర్తిగా దీనికే ఇవ్వండి, ఆ రోజు కిలోమీటర్లు లెక్కపెట్టకండి. తోట యజమానిని అడిగే వెళ్ళండి, కాఫీ కాయ కోతల్లో అసలు వెళ్ళకండి. కూలీలు బుట్టలు మోసుకొచ్చే దారి అది. హెల్మెట్, పూర్తి వేళ్ళ గ్లౌజులు, మోకాలి ప్యాడ్లు లేకుండా ఈ సాధన వద్దు.

వానాకాలంలో కూడా ఆపొద్దు, కానీ బ్రేకు ప్యాడ్లు చూసుకోండి. మన ఎర్రమట్టి బురద రెసిన్ ప్యాడ్లను ఒక్క పూటలో తినేస్తుంది. చక్రం తిప్పితే ఇసుక నూరినట్టు గరగర వినపడుతుంది, మీట హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. ప్యాడ్ విప్పి చూస్తే పైపొర అంతా అరిగిపోయి వెనక రేకు మెరుస్తూ ఉంటుంది. బురదకు సింటర్డ్ మెటల్ ప్యాడ్లు మేలు. కొత్తవి వేశాక నేరుగా రేసుకు పోకూడదు. చదును రోడ్డు మీద వేగం అందుకుని, చక్రం లాక్ కాకుండా దాదాపు ఆగేదాకా పట్టి, వదిలి, ఇలా ఇరవై సార్లు చేస్తేగాని పట్టు రాదు.

మిగతా వారం మామూలే. రెండు రోజులు గట్టిగా తొక్కాలి. ఎనిమిది నిమిషాలు నోట మాట రానంత జోరుగా ఎక్కుడు, నాలుగు నిమిషాలు విశ్రాంతి, ఇలా నాలుగు సార్లు. జయపురం నుంచి కోరాపుట్ వెళ్ళే ఘాట్ దీనికి బాగుంటుంది, తెల్లారకముందే వెళ్ళాలి, బస్సులు మొదలైతే కష్టం. ఒక రోజు మూడు, నాలుగు గంటల నిదానం సవారీ. మిగతా రోజులు పక్కవాడితో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా తొక్కండి లేదా ఇంట్లో కూర్చోండి. నెమ్మది రోజుల్లో కూడా పోటీపడే రోగం మన కుర్రాళ్ళకు బాగా ఉంది.

రేసు ఉత్తరాదిలో ఉంటే బండిని సరిగ్గా కట్టడం కూడా నేర్చుకోవాలి. విశాఖ వెళ్ళి ఏ.పి. ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి, అక్కడి నుంచి కొండల్లోకి బస్సు. షాపుల్లో అట్టపెట్టె అడిగి తెచ్చుకోండి. పెడళ్ళు విప్పండి, ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని మర్చిపోకండి. చక్రాలు తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క దూర్చండి, లేకపోతే దారిలో ఎవరో మీట నొక్కితే ప్యాడ్లు అతుక్కుపోతాయి. గేర్లు మార్చే వెనక డీరైలర్ విప్పి ఫ్రేము లోపలికి కట్టేయండి. అది తగిలించే హ్యాంగర్ ముక్క ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం, వంగితే ఆ ఊళ్ళో దొరకదు. మీ బండిది ఒకటి అదనంగా జేబులో ఉండాల్సిందే.

ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోండి. కోరాపుట్‌లో చలి అలవాటే అనుకుని హిమాచల్ వెళితే సరిపోదు. అక్కడి జలోరి కనుమ 3120 మీటర్లు, మన దేవమాలికి దాదాపు రెట్టింపు. గాలి పలచగా ఉంటుంది, ఇక్కడి జోరు అక్కడ రాదు. రెండువేల అయిదువందల మీటర్లు దాటే రేసయితే వారం ముందే చేరుకోండి, మొదటి రెండు రోజులు నెమ్మదిగా తిరగండి. తలనొప్పి, వాంతులు వస్తే పౌరుషానికి పోకుండా కిందికి దిగిపోవాలి.

ట్రాక్ చూడ్డం రెండు విడతలుగా చేయండి. మొదట నడిచి, తర్వాత తొక్కి. ప్రమాదమైన చోట్ల సాధారణంగా రెండు దారులు ఉంటాయి. నేరుగా దూకేది ఒకటి, చుట్టూ తిరిగి దిగేది ఒకటి. రెండూ తొక్కి పెట్టుకోండి. ఆఖరి చుట్టులో కాళ్ళు వణుకుతున్నప్పుడు చుట్టుదారే మేలు. రేసు రోజు పొద్దున్న మళ్ళీ వాకబు చేయండి, ఏమైనా మార్చారా అని. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, నెదర్లాండ్స్ రేసర్ మాథ్యూ వాన్ డెర్ పోల్ అంతటివాడు ఒక బండ మీంచి దిగేచోట పడిపోయాడు. సాధనలో అక్కడ చెక్క వాలు ఉండేది, రేసు రోజుకు తీసేశారు. ఆ సంగతి తెలియక చెక్క ఉందనుకునే దిగాడు.

స్టార్ట్ దగ్గర ర్యాంకింగ్ ఉన్నవాళ్ళను ముందు పిలుస్తారు, కొత్తవాళ్ళు వెనక నిలబడాలి. అందుకే ఎలా నిలబడ్డారన్నది ముఖ్యం. మధ్యస్థం గేరులో పెట్టండి, తేలిక గేరులో ఉంటే కాళ్ళు గిరగిరా తిరుగుతాయి తప్ప బండి కదలదు. ఒక కాలు పెడల్ క్లిప్పులో ఉండాలి, రెండో కాలు చూడకుండా క్లిప్పులోకి వెళ్ళేలా ఇంటి దగ్గరే అభ్యాసం చేయాలి. ‘ఇంకో 15 సెకన్లలో’ అని ఆఖరి మాట చెప్పాక ఆ లోపు ఏ క్షణంలోనైనా సంకేతం రావచ్చు. వెడల్పు దారి సన్నటి సింగిల్ ట్రాక్‌గా మారే చోటు ఎంత దూరమో ముందే చూసుకోవాలి. అక్కడికి ఎన్నోవాడిగా చేరారన్నదే మీ మొదటి చుట్టును తేలుస్తుంది. ముందు ఇరవైమంది ఉంటే వాళ్ళలో ఒకడు జారి కాలు కిందపెట్టినా అందరూ దిగి బండి తోయాలి. కాబట్టి మొదటి రెండు నిమిషాలు ఊపిరి మిగుల్చుకోకండి. అందుకు వామప్ కావాలి, ఇరవై నిమిషాలు, చెమట పట్టేదాకా. మనవాళ్ళు మాత్రం ఆ ఇరవై నిమిషాలూ ఫొటోలు దిగుతూ ఉంటారు.

పంక్చరైతే రేసు పోయినట్టు కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ రేసర్ టామ్ పిడ్‌కాక్‌కు ముందు టైరు పోయింది, దాదాపు నలభై సెకన్లు నష్టపోయాడు, అయినా స్వర్ణం అతనిదే. కానీ అతనికి టెక్నికల్ జోన్‌లో, అంటే బండికి సాయం తీసుకోవడానికి కేటాయించిన చోట, చక్రం పట్టుకుని మనిషి సిద్ధంగా ఉన్నాడు. చక్రం మార్చడం ఆ జోన్‌లోనే కుదురుతుంది, దారి మధ్యలో అయితే మీ పనిముట్లతో మీరే బాగుచేసుకోవాలి, బండిని మార్చకూడదు. చిల్లు మూసే ట్యూబ్‌లెస్ ప్లగ్గు, గాలి నింపే గ్యాస్ కార్ట్రిడ్జ్, ఒక ట్యూబు, మల్టీటూల్, తెగిన చైను కలిపే క్విక్ లింకు బండికే టేపు వేసి కట్టుకోండి. కళ్ళకు గుడ్డ కట్టుకుని ప్లగ్గు పెట్టమంటాను నేను మా పిల్లలను. నవ్వుతారు గాని, రేసులో చెమట కళ్ళల్లోకి కారుతుంటే సరిగ్గా అలాగే ఉంటుంది.

మూడోది కడుపు. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం పోవాలి, అదీ మొదటి అరగంట నుంచే. ఖరీదైన జెల్లులు లేకపోయినా ఫరవాలేదు. అరలీటరు సీసాలో మూడు పెద్ద చెంచాల పంచదార, రెండు చిటికెల ఉప్పు, సగం నిమ్మకాయ వేస్తే సుమారు నలభై గ్రాములు వచ్చేస్తాయి. ఒక అరటిపండులో ఇంకో పాతిక ఉంటాయి. ఓ.ఆర్.ఎస్. ఒక్కటే తాగి తొక్కేస్తామంటారు కొందరు. లీటరు ఓ.ఆర్.ఎస్.లో గ్లూకోజు 13.5 గ్రాములే, అది విరేచనాలకు తయారుచేసిన మందు. నీరు, ఉప్పు అందుతాయి, శక్తి చాలదు. ఈ తీపి నీళ్ళు రేసు రోజే మొదటిసారి తాగితే కడుపు తిప్పుతుంది. రెండు నెలల ముందు నుంచి గట్టిగా తొక్కే రోజుల్లో తాగి కడుపుకు అలవాటు చేయాలి.

చోడి (రాగి) అంబలి మంచిదే, మా పక్కింటి దేశియా వాళ్ళు మాండియా పేజ్ అంటారు, అది తాగి తొక్కినంత హాయి ఇంకెందులోనూ లేదు. రేసు పొద్దున్న మాత్రం వద్దు, పీచు ఎక్కువ. మూడు గంటల ముందు మెత్తటి అన్నమో, ఇడ్లీయో తినండి. ఉత్తరాదిలో అవి దొరక్క వెన్న రాసిన ఆలూ పరాఠాలు తిని స్టార్ట్ లైనుకు వచ్చి తేన్పులు తేన్చేవాళ్ళను చూశాను. ఇంటి నుంచి అటుకులు, బెల్లం మూట కట్టుకెళ్ళండి, వేడినీళ్ళుంటే చాలు.

చివరిగా మందుల సంగతి. లైసెన్సు ఉన్నవాణ్ణి నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ళు పరీక్షించవచ్చు, మీ ఒంట్లో ఏం దొరికినా బాధ్యత మీదే. తెలియక మింగానంటే ఒప్పుకోరు. జలుబు మాత్రల్లో వాడే సూడోఎఫెడ్రిన్ పరిమితి దాటితే పోటీలో నిషేధం. జిమ్ముల్లో అమ్మే పేరులేని పొడులు ముట్టుకోవద్దు. మనవైపు ఇంకో అలవాటుంది. కాస్త నీరసమనిపిస్తే ఆర్.ఎం.పి. దగ్గరికెళ్ళి సెలైన్ ఎక్కించుకోవడం. పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరానికి ఎక్కిస్తే, ఆసుపత్రిలో నిజమైన చికిత్స కింద తప్ప, అది నిషేధిత పద్ధతుల్లోకి వస్తుంది. మామూలు సెలైన్ సీసా 500. రేసు అయ్యాక కళ్ళు తిరుగుతుంటే నీడలో కాళ్ళు ఎత్తిపెట్టి పడుకోండి, ఓ.ఆర్.ఎస్. అప్పుడు తాగండి. స్పృహ తప్పుతున్నట్టుంటే మాత్రం పోటీ డాక్టరు చెప్పిన ఆసుపత్రికి వెళ్ళి, అక్కడ ఎక్కించిన ప్రతిదాని కాగితమూ దాచుకోండి. రేసు అయ్యాక ఇంటికి బయల్దేరేముందు ఫలితాల బోర్డు దగ్గర డోప్ పరీక్షకు పిలిచిన నంబర్లలో మీది ఉందేమో చూసుకోండి. గెలిచినవాళ్ళనే కాదు, మధ్యలో వచ్చినవాళ్ళనూ పిలుస్తారు. పిలిస్తే వెళ్ళకపోవడం కూడా నేరమే.